పోలిక లేని లెక్క

ప్రభుత్వ పథకాల విషయంలో మన దేశంలో రెండు ప్రశ్నలు తరచుగా వినబడుతూ ఉంటాయి. ఎంత ఖర్చయినది? ఎందరికి అందినది? ఈ రెండింటికీ ఫైళ్లలో జవాబు దొరుకుతుంది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడిగేవారు తక్కువ. ఆ పథకమే లేకుంటే ఏమయ్యేది?

ఈ మూడవ ప్రశ్న చూడటానికి చిన్నది. జవాబు చెప్పటం మాత్రం కష్టం. ఒక ఊరికి ఏకకాలంలో పథకం ఇచ్చి, ఇవ్వకుండా చూడటం బ్రహ్మకు కూడా సాధ్యం కాదు. కాకి వాలినది, తాటిపండు రాలినది. కాకి వాలినందువలననే పండు రాలినదా? మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయం అని పేరు పెట్టి, అటువంటి నిర్ణయాలకు తొందరపడవద్దని హెచ్చరించినారు. అయినా మన సమీక్షా సమావేశాలలో ఎక్కువ భాగం కాకిని సన్మానించటంతోనే గడచిపోవటం కద్దు.

మేము బైలడిల్లా కొండలలో ఉద్యోగంలో చేరి సుమారు ముప్పై ఏళ్లు కావస్తున్నది. అప్పటికి ఇది మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లా. 1998లో దంతెవాడ వేరు జిల్లా అయినది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది. ఈ కాలంలో మా కళ్లముందు ఎన్నో పథకాలు వచ్చినవి, వెళ్లినవి, పేరు మార్చుకొని మరల వచ్చినవి. కొన్నింటివలన నిజంగా మేలు జరిగినదని మా నమ్మకం. ఏ మేలు దేనివలన జరిగినదో విడదీసి చెప్పమంటే మాత్రం మా వద్ద ఉన్నది నమ్మకమే కాని లెక్క కాదు. ఆ లెక్క కట్టే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని గూర్చి సహోద్యోగులతోను, వారి కుటుంబాలతోను నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం.

మన వృత్తి నుండే మొదలుపెడదాము. ఖనిజం కుప్ప నుండి శాంపిల్ తీయటం మనవారందరికీ తెలిసిన పని. కుప్ప పోసినప్పుడు పెద్ద రాళ్లు దొర్లి అంచులకు చేరుతాయి. పొడి నడిమధ్యన నిలుస్తుంది. చేతికి అందినచోట, కంటికి బాగున్నచోట పార వేసి తీసిన శాంపిల్ ఆ కుప్పకు ప్రతినిధి కాదు. అందుకే ఎక్కడ తీయాలన్నది మన ఇష్టానికి వదలరు. కన్వేయరు మీద పోతున్న ఖనిజం నుండి ఇన్ని నిమిషాలకు ఒకసారి అని నియమం పెట్టి తీస్తారు. మనిషి చేయి తెలియకుండానే తనకు కావలసిన రాయివైపు పోతుంది. నియమం పోదు.

ఊళ్ల విషయంలోనూ జరిగేది ఇదే. కొత్త పథకానికి ముందుగా ఎంచుకొనేది రోడ్డు ఉన్న ఊరు, చురుకైన సర్పంచి ఉన్న ఊరు, అధికారి వాహనం సాయంత్రానికి తిరిగి రాగల ఊరు. రెండేళ్ల తరువాత ఆ ఊరిని, పథకం లేని లోపలి ఊరితో పోల్చి, ఇంత అభివృద్ధి అని చెబుతారు. అందులో పథకం వాటా ఎంత, రోడ్డు వాటా ఎంత, సర్పంచి వాటా ఎంత? కుప్ప అంచున తీసిన శాంపిల్ వంటిదే ఈ లెక్క కూడా.

దీనికి విరుగుడు సులభమైనదే. పథకం ముందుగా ఎవరికి, తరువాత ఎవరికి అన్నది చీటీలు వేసి నిర్ణయించాలి. చీటీకి రోడ్డు తెలియదు, సర్పంచి తెలియదు, సిఫారసు తెలియదు. తగినన్ని ఊళ్లు ఉంటే, చీటీ వచ్చిన ఊళ్లూ రాని ఊళ్లూ సగటున అన్ని విషయాలలోనూ సమానంగానే ఉంటాయి. తరువాత వచ్చే తేడాలో యాదృచ్ఛికం పాలు ఎంత ఉండవచ్చునో గణితం చెబుతుంది. అంతకు మించిన తేడా పథకానిదే. ఇంగ్లీషులో దీనిని రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్ అంటారు. ఈ వ్యాసంలో మనం చీటీల పరీక్ష అని పిలుచుకుందాము.

ఈ పద్ధతి పొలంలో పుట్టినది. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన ఆర్. ఎ. ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీటీతో నిర్ణయించాలని సిద్ధాంతీకరించినాడు. ఆయన వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినవారు మన తెలుగువారైన సి. ఆర్. రావుగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలో చేరి ప్రపంచఖ్యాతి గడించిన ఆ మహనీయుడు 2023లో, నూటరెండేళ్ల వయసులో పరమపదించినారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలను పరీక్షించటానికి ఆయన రూపొందించిన ఆర్థోగోనల్ అరేలను జపాను ఇంజనీరు టాగుచి కర్మాగారాలకు తెచ్చినాడు. క్వాలిటీ తరగతులలో మనలో చాలామంది ఆ పట్టికలు చూసినవారమే. వాటి వెనుక వాల్తేరులో చదివిన మన తెలుగువాడు ఉన్నాడన్నది మన పిల్లలకు చెప్పదగిన మాట.

పొలం నుండి ఈ పద్ధతి ఆస్పత్రికి వెళ్లినది. మన దేశ విధానాన్ని మార్చిన పరీక్ష ఒకటి మద్రాసులో జరిగినది. ఆ రోజులలో క్షయరోగి శానిటోరియంలో ఉండవలసినదే అని అందరి అభిప్రాయం. రోగులు లక్షలు, మంచాలు వేలు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రంలో 193 మంది రోగులను చీటీల పద్ధతిలో రెండుగా విభజించినారు. ఒక వర్గానికి శానిటోరియంలోను, రెండవ వర్గానికి ఇంటి వద్దను అవే మందులు ఏడాదిపాటు ఇచ్చినారు. ఇంటివద్ద ఉన్నవారిలో చాలామంది పేదలు, ఇరుకు ఇళ్లవారు, చాలీచాలని తిండి తినేవారు. అయినా ఫలితం దాదాపు సమానంగా వచ్చినది. ఇంట్లోని ఇతరులకు వ్యాధి సోకటం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడినవి. ఇంటి వద్ద చికిత్స ఆధారంగా 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం రూపొందినది. మంచం దొరకక మరణించవలసిన వారెందరో 193 మంది రోగుల పుణ్యాన బ్రతికినారు.

ఇక బస్తర్‌కు వద్దాము. ఇక్కడ మలేరియా అంటే తెలియనివారు లేరు. మా క్యాంటీనులో దోమతెరల మీద జరిగిన వాదం ఒకటి మాకు బాగా జ్ఞాపకం. పెద్దవారొకరు అన్నారు: "ఊరకే వచ్చినదానికి విలువ ఉండదండీ. పది రూపాయలైనా పెట్టి కొనుక్కుంటేనే మనిషి దానికింద పడుకుంటాడు. ఊరకే ఇస్తే దానితో చేపలు పడతాడు." బల్లకు అవతల కూర్చున్న, దగ్గరి పల్లె నుండి వచ్చే గోండు యువకుడు తల ఎత్తకుండానే జవాబు చెప్పినాడు: "పది రూపాయలు ఉన్న రోజున మేము ఉప్పు కొంటాం సార్."

ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇద్దరివీ నమ్మదగిన మాటలే. వాదంతో తేలే విషయం కాదు. ఆఫ్రికాలోని కెన్యాలో ఇదే ప్రశ్నను చీటీలతో తేల్చినారు. జెస్సికా కోహెన్, పాస్కలీన్ డుపా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గర్భిణులు వచ్చే ఆస్పత్రులను చీటీలతో విభజించి, కొన్నింట దోమతెర ఉచితంగాను, కొన్నింట వేర్వేరు ధరలకును ఇప్పించినారు. 2010లో ప్రచురితమైన ఆ ఫలితం ఇది. ధర సున్నా నుండి 60 అమెరికా సెంట్లకు పెరిగేసరికి తెర తీసుకొనేవారు 60 శాతం పాయింట్లు తగ్గినారు. ఉచితంగా తీసుకున్నవారు, డబ్బు పెట్టి కొన్నవారికంటె తక్కువగా వాడినట్లు ఎక్కడా కనబడలేదు. మా క్యాంటీను వాదంలో యువకుని మాటే నెగ్గినది. అనుభవజ్ఞుల ఊహ ఎంత సమంజసంగా వినిపించినా, పరీక్షకు నిలవనంతవరకు అది ఊహయే.

2020 జనవరిలో మలేరియా ముక్త బస్తర్ కార్యక్రమం మొదలైనది. ఆరోగ్య కార్యకర్తలు వాగులు దాటి, గుట్టలు ఎక్కి, ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరి రక్తమూ పరీక్షించినారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షించగా 64 వేల పైచిలుకు మందికి మలేరియా ఉన్నట్లు తేలినదనీ, వారిలో సగానికి మించి ఏ లక్షణమూ లేనివారనీ ప్రభుత్వం ప్రకటించినది. ఇది సామాన్యమైన కృషి కాదు. లక్షణం లేని మనిషి ఒంట్లో వ్యాధి దాగి ఉండి దోమ ద్వారా మరొకరికి పోతున్నదన్న సంగతి ఈ పనివలననే కళ్లకు కట్టినది. తరువాతి విడతలలో కేసుల నిష్పత్తి బాగా తగ్గినది.

ఆ తగ్గుదలలో ఇంటింటి పరీక్ష వాటా ఎంత? అదే కాలంలో పంచిన మందు పూసిన దోమతెరల వాటా ఎంత? వానల తీరు, కరోనా కాలంలో రాకపోకలు ఆగిపోవటం, వీటి వాటా ఎంత? పోలిక లేదు గనుక విడదీసి చెప్పలేము. ఈ కార్యక్రమాన్ని ఆపి పరీక్ష జరపవలసినదని మా అభిప్రాయం కాదు. ఇల్లు తగులబడుతున్నప్పుడు చీటీలు వేయరు. బస్తర్ అంతటికీ ఒకే రోజున సిబ్బంది వెళ్లలేరు గదా. ఏ బ్లాకుకు ముందు, ఏ బ్లాకుకు మూడు నెలల తరువాత అన్నది ఎవరో ఒకరు ఎటూ నిర్ణయించవలసిందే. ఆ వరుసను చీటీకి అప్పగిస్తే ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేకుండా పోలిక చేతికి వస్తుంది. ఇదే మేము చెప్పదలచిన ముఖ్య విషయం.

ఆ పని ఒక రాష్ట్ర ప్రభుత్వం నిజంగా చేసినది. ఎక్కడో కాదు, కొంటా దాటితే అప్పట్లో తగిలే ఖమ్మం జిల్లాతో కలిపి ఎనిమిది జిల్లాలలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛను వేలిముద్ర కార్డు ద్వారా ఊరిలోనే చెల్లించాలని ప్రభుత్వం తలపెట్టినది. అన్ని మండలాలకూ ఒకేసారి యంత్రాలు రావు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తల సూచనపై 2010లో మండలాల వరుసను చీటీలతో నిర్ణయించినారు. ముందుగా కార్డులు వచ్చినవి 112 మండలాలు, చివర వచ్చేవి 45 మండలాలు, మధ్యలో మిగిలినవి. పోల్చిన ఈ 157 మండలాల జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. ఇంత విస్తారంగా జరిగిన చీటీల పరీక్షలు లోకంలో అరుదు.

రెండేళ్ల తరువాత, 2012లో, ఇళ్లకు వెళ్లి అడిగినారు. అప్పటికి సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారినవి. యంత్రాలు మొరాయించినవి, బ్యాంకులు ఆలస్యం చేసినవి. అన్ని లోపాలతోనూ వచ్చిన ఫలితం చూడండి. కూలీ డబ్బు తీసుకోవటానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గినది. డబ్బు అందటంలో జాప్యం 29 శాతం తగ్గినది. కూలీల చేతికి వచ్చిన ఉపాధి హామీ ఆదాయం 24 శాతం పెరిగినది. ఖజానా నుండి వెళ్లిన సొమ్ము మాత్రం పెరగలేదు. అంటే దారిలో కారిపోయేదే కూలీకి చేరినదన్నమాట. ఆ కారుడు సుమారు 41 శాతం తగ్గినది.

ఇందులో మాకు మిక్కిలి విలువైనదిగా తోచిన సంగతి వేరే ఉన్నది. ఆ రోజులలో ప్రభుత్వానికి కార్డుల మీద ఫిర్యాదులే ఎక్కువగా చేరుతుండేవి. పాత పద్ధతిలో లాభపడినవారు గొంతు గలవారు, కార్యాలయాలకు రాగలవారు. కొత్త పద్ధతిలో లాభపడిన కూలీ జిల్లా కేంద్రానికి వచ్చి మెచ్చుకోలు పత్రం ఇవ్వడు. పథకం రద్దు కావచ్చునన్న స్థితిలో, ఇళ్లకు వెళ్లి అడిగినపుడు పదిమందిలో తొమ్మండుగురు కూలీలు కొత్త పద్ధతియే మేలన్నారు. పథకం నిలబడటంలో ఆ లెక్కకు పాత్ర ఉన్నదని పరిశోధకులు వ్రాసినారు. పై అధికారికి చేరని గొంతు చీటీల పరీక్ష ద్వారా చేరినది.

అదే రాష్ట్రంలో అంతకు ముందు, 2005 నుండి, ప్రభుత్వ పాఠశాలలలో మరొక పరీక్ష జరిగినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ఆ పనిలో రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు పాలుపంచుకున్నవి. 500 పాఠశాలలను వందల చొప్పున అయిదు వర్గాలు చేసినారు. కొన్నింట పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బహుమతి, కొన్నింట అదనపు ఉపాధ్యాయుడు, కొన్నింట నోటు పుస్తకాల వంటి సామగ్రికి గ్రాంటు, ఒక వందకు ఏమీ లేదు. బహుమతి పెట్టిన బడులలో చదువు స్పష్టంగా మెరుగుపడినది. గ్రాంటు సంగతి ఇంకా ఆలోచింపజేసేది. మొదటి ఏడాది మేలు కనబడినది. రెండవ ఏడాది కనబడలేదు. కారణం వెదకగా, బడిలో పుస్తకాలు ఇస్తారని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు ఆ మేరకు తగ్గించుకున్నట్లు తేలినది. అది తప్పు కాదు. పేద ఇంట్లో మిగిలిన పైసకు వేరే అక్కర ఉంటుంది. కాని 'ఇన్ని పుస్తకాలు పంచినాము' అన్న నివేదిక ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు.

ఇంతవరకు చదివిన పాఠకులు, ఒకచోట నిరూపితమైనది గనుక అంతటా అమలు చేస్తే సరిపోతుంది గదా అనుకోవచ్చును. అక్కడే జాగ్రత్త అవసరం. మన పొరుగున ఝార్ఖండ్‌లో 2016 తరువాత చౌక ధరల దుకాణాలలో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు, దాదాపు అదే పరిశోధక బృందం చీటీల పద్ధతిలోనే పరీక్షించినది. వేలిముద్ర అదే, పేదలు అంతే పేదలు. ఫలితం వేరు. సరుకు పక్కదారి పట్టటం సగటున తగ్గలేదు. కార్డుదారుల తిరుగుడు కొంత పెరిగినది. ముందుగా ఆధార్ జతపరచుకోని కుటుంబాలకు అందే లబ్ధి సుమారు పదోవంతు తగ్గినది. ఆంధ్రలో యంత్రం కూలీ ఊరికి వెళ్లినది. వేలిముద్ర పడనివారికి వేరే దారి తెరచి ఉంచినారు. ఝార్ఖండ్‌లో అది గుమ్మం ముందు కాపలావాడైనది. యంత్రం ఒకటే అయినా దానిని పెట్టిన తీరు వేరైతే ఫలితం వేరవుతుంది. ఒక గని కోసం తయారైన బ్లాస్టింగ్ నమూనాను రాయి చూడకుండా మరొక గనిలో వాడము గదా!

ఒకనాటి రాత్రి ఈ సంగతులన్నీ మా శ్రీమతికి చెబుతున్నాము. ఆమె శ్రద్ధగా విని, చివరకు ఒక ప్రశ్న వేసినది: "అంతా బాగానే ఉన్నదండీ. చీటీ రాని ఊరి తల్లికి ఏమని చెబుతారు? మీ లెక్క కోసం నీ బిడ్డ ఆగవలసి వచ్చినదని చెబుతారా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు ఈ పద్ధతిని సమర్థించటానికి తగడని మా అభిప్రాయం. చాలా దినాలు ఆలోచించి మాకు తోచిన జవాబు ఇది.

పనిచేస్తుందని నిశ్చయంగా తెలిసిన మందును ఎవరికీ ఆపరాదు. అక్కడ పరీక్షకు చోటు లేదు. మేలా కాదా అని తెలియనప్పుడు మాత్రమే పరీక్ష. చేతిలో ఉన్నది అందరికీ చాలనప్పుడు ఎవరో కొందరు ఆగక తప్పదు. ఆగేవారిని సిఫారసు నిర్ణయించటంకంటె చీటీ నిర్ణయించటం న్యాయం. మన టౌన్‌షిప్‌లలో ఇళ్ల కేటాయింపు, గ్రామాలలో చేపల చెరువు వంతు, ఇటువంటివి చీటీలతో తేల్చుకోవటం మనకు కొత్త కాదు. అన్నింటికంటె ముఖ్యం, మేలని తేలిన మరుక్షణం చీటీ రానివారికి ముందుగా ఇవ్వాలి.

ఇలా నడిచిన ఉదాహరణ ఒకటి ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసీ ప్రాంతాలలో ఉన్నది. ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుండి 2008 వరకు 36 గ్రామసమూహాలను చీటీలతో రెండుగా విభజించి, సగం చోట్ల స్త్రీల సమావేశాలు నడిపినది. కాన్పు, పసిబిడ్డ రక్షణ గురించి కథలు, బొమ్మల ద్వారా స్త్రీలే చర్చించుకొని, స్త్రీలే పరిష్కారం వెదకుకొనే సమావేశాలవి. మూడేళ్లలో ఆ ఊళ్లలో నెలలోపు శిశుమరణాలు మిగిలిన ఊళ్లకంటె 32 శాతం తక్కువగా నమోదైనవి. 2010లో ఈ ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చినది. ఆ లోపుననే, 2009 నుండి, ఆగిన ఊళ్లలోనూ అవే సమావేశాలు మొదలుపెట్టినారు. ఆ ఊరి తల్లికి చెప్పదగిన జవాబు అదే.

ఇంద్రావతి అవతల, మన బస్తర్‌ను ఆనుకొని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు చేసిన పని కూడా ఇక్కడ తలచుకోవాలి. అక్కడ చీటీలు వేయలేదు. 39 ఊళ్లలో గ్రామ స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణలో శిక్షణ ఇచ్చి, 47 ఊళ్లతో పోల్చినారు. ముందు ఏడాదుల లెక్కలు జాగ్రత్తగా వ్రాసి పెట్టుకున్నందున పోలికకు బలం వచ్చినది. సేవలు అందిన ఊళ్లలో వెయ్యి జననాలకు 62గా ఉన్న నెలలోపు మరణాలు మూడేళ్లలో 25.5కు దిగినవి. పోల్చిన ఊళ్లలో తగ్గుదల లేదు. 1999లో ఆ ఫలితం ప్రకటితమైనది. 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పసికందులను చూసే కార్యక్రమంగా అది రూపుదిద్దుకున్నది. నియమం ఎంత ముఖ్యమో, ముందునుండి ఓపికగా లెక్క వ్రాయటం కూడా అంత ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

ఈ పద్ధతికి హద్దులు ఉన్నవి. కొత్తవలస నుండి కిరండూల్‌కు రైలుమార్గం వేయాలా వద్దా అన్నది చీటీలతో తేలదు. అటువంటిది ఒక్కసారే వేస్తాము. అడవి మీద హక్కు ఎవరిది, మాతృభాషలో చదువు అవసరమా అన్నవి న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు. వాటికి సగటు లెక్క జవాబు కాదు. పైగా సగటు అనేది కొందరి బాధను కప్పిపెట్టగలదు. ఝార్ఖండ్‌లో సగటున పెద్ద మార్పు లేదు. ఆధార్ లేని ఇంటికి మాత్రం గింజలు తగ్గినవి. ఎవరికి తగ్గినది అని విడిగా అడిగినందువలననే ఆ సంగతి బయటపడినది.

బస్తర్‌కు మరొక హద్దు ఉన్నది. ఇక్కడి జనాన్ని కొలిచినవారు ఎందరో. ఎత్తు కొలిచినారు, తల కొలిచినారు, పాటలు వ్రాసుకున్నారు, రక్తం తీసుకున్నారు. తీసుకువెళ్లిన లెక్క తిరిగి తెచ్చి ఊరి చావడిలో చదివి వినిపించినవారు ఎందరు? గోండిలోనో హల్బీలోనో విషయం చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టి, ముగిసిన తరువాత ఫలితం అదే భాషలో అప్పగించినప్పుడే అది ప్రజలతో కలసి చేసిన పరీక్ష అవుతుంది. లేకుంటే ప్రజల మీద చేసిన పరీక్షగా మిగిలిపోతుంది.

ఈ మాటలన్నీ ప్రభుత్వానికే కాని మనకెందుకని అనుకోవద్దు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసిన సంస్థలలో మనవంటివి ఉన్నవి. ఆ బాధ్యత ఏటా 10 కోట్లు, అంతకు మించి ఉన్న సంస్థలు, కోటి రూపాయలు, ఆపై ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటివారితో అంచనా వేయించాలని 2021లో నియమం వచ్చినది. ఆ అంచనాలో పోలిక లేకుంటే అది ఫోటోల పుస్తకంగా మారే ప్రమాదం ఉన్నది. చుట్టుపక్కల 40 పాఠశాలలకు ఏడాదికి 20 చొప్పున సౌకర్యం ఇవ్వదలచినాము అనుకుందాము. మొదటి 20 ఏవో సర్పంచుల సమక్షంలో చీటీలు వేసి తేల్చవచ్చును. ఇవ్వకముందే 40 బడులలోనూ పిల్లల హాజరు, చదువు వ్రాసి పెట్టుకోవచ్చును. ఏడాది తిరిగిన తరువాత పోల్చి, ఫలితం మంచిదైనా కాకున్నా అందరికీ చెప్పవచ్చును. దీనికి కావలసినది పెద్ద పాండిత్యం కాదు. ఒక రిజిస్టరు, కొన్ని చీటీలు, వచ్చిన జవాబును ఒప్పుకొనే ధైర్యం.

చివరిది అన్నింటిలోకి కష్టం. రేక్ బయలుదేరిన తరువాత ల్యాబు నుండి నాణ్యత తగ్గినదని నివేదిక వస్తే, మనం ల్యాబును తిట్టము. గనిలో ఏ ముఖం నుండి ఆ ఖనిజం వచ్చినదో వెదకుతాము. మన దయాదాక్షిణ్యాల విషయంలోనూ అదే నిజాయితీ పాటించగలిగితే, ఇక్కడి కొండల నుండి ఇన్ని దశాబ్దాలుగా మనం పొందినదానికి కొంతైనా సక్రమంగా తిరిగి ఇచ్చినవారమవుతాము.